అక్షింతల పురుగులు రెండు: మందు కొట్టే ముందు వీపు చూడండి

మన దివిసీమలో వీపు మీద చుక్కలున్న గుండ్రటి పురుగు కనబడితే చాలు, అక్షింతల పురుగు అంటాం. పేరు ఒకటే, పురుగులు మాత్రం రెండు. ఒకటి పంటను తింటది. ఇంకోటి పంటను తినే పురుగుల్ని తింటది. ఈ తేడా తెలీక కొన్నేళ్ళ కిందట నేనే తప్పు చేశాను.

మాది కౌలు చేను. వరి కోతకు ముందు చల్లిన మినుముకు పూత వేళ పేనుబంక పట్టింది. దాంతోపాటే చుక్కల పురుగులూ బోలెడు. "ఇయ్యే తినేత్తన్నాయి" అనుకుని మందు కొట్టేశా. కొన్నాళ్ళకే పేనుబంక మళ్ళీ వచ్చింది. చుక్కల పురుగు మాత్రం ఒక్కటీ లేదు. రెండోసారి మందుకు అప్పు చేశాను.

ఎందుకలా అయింది? పేనుబంక మన చేలల్లో గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటది. వారం పది రోజులకే ఆ పిల్లలూ తల్లులవుతాయి. దాన్ని తినే అక్షింతల పురుగు గుడ్డు నుంచి ఎదగాలంటే రెండు మూడు వారాలు కావాలి. రెండింటినీ చంపితే ముందు లేచేది శత్రువే.

మరి గుర్తుపట్టేదెలా? మేలు చేసే పురుగు వీపు నున్నగా మెరుస్తది. దాని పిల్ల నల్లగా, బుల్లి మొసలిలా ఉండి చురుగ్గా పరిగెడతది. వంగను తినే పురుగు వీపు మీద సన్నటి నూగు, 28 చుక్కలు ఉంటాయి, మెరుపుండదు. దాని పిల్ల పసుప్పచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఆకుకు అతుక్కుని ఉంటది. ఆకు పచ్చదనం గీకేసి ఈనెలు మిగులుస్తది. గుడ్లు చూసి మాత్రం తేల్చొద్దు, రెండిటివీ పసుపే.

వంగలో ఆ పురుగు కొద్దిగా ఉంటే గుడ్లూ పిల్లలూ ఉన్న ఆకులు తుంచి నాశనం చేస్తే చాలు. లేదంటే లీటరుకు 50 గ్రాముల వేపగింజల పొడితో చేసిన కషాయం కొట్టొచ్చు.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1888లో అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ తోటల్ని పిండిపురుగు లాంటి ఒక పురుగు నాశనం చేస్తంటే, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అక్షింతల పురుగే కాపాడింది. 1940ల్లో అక్కడే డీడీటీ కొడితే ఆ నేస్తం చచ్చి, పాత పురుగు మళ్ళీ విజృంభించింది.

బందరైనా, గుడివాడైనా, కౌలురైతుకు అరువిచ్చే కొట్టువాడే డాక్టరు కూడా. సీసా అమ్ముకునేవాడు పురుగు వీపు చూడడు. మీ చేతిలో ఫోనుంది కదా, ఫోటో తీయండి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అడగండి. మీ నాన్న మందు కలిపేలోపే అడగండి.