బుద్వేల్ మారిపోతోంది.. పాత ఊరిని ఫోటోల్లో దాచేదెవరు? డాక్యుమెంటరీ ప్రాజెక్ట్ అంటే ఏంటి? మొబైల్‌తో చేయొచ్చా?

హైదరాబాద్ శివార్లలో, రాజేంద్రనగర్ పక్కనే ఉండే బుద్వేల్ పేరు కొన్నేళ్లుగా వార్తల్లో బాగా వినిపిస్తోంది. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ ఇక్కడ దాదాపు 100 ఎకరాలు వేలం వేస్తే రూ.3,625 కోట్లకు పైగా వచ్చాయి. ఎకరం గరిష్ఠంగా రూ.41.75 కోట్లు పలికింది. 2024 మార్చి 27న తెలంగాణ హైకోర్టు కొత్త భవనానికి శంకుస్థాపన కూడా ఇక్కడే జరిగింది.

వేలం లెక్కలు రికార్డుల్లో ఉంటాయి. కొత్త బిల్డింగుల బొమ్మలు బ్రోచర్లలో ఉంటాయి. మరి అంతకుముందు ఈ ఊరు ఎలా ఉండేది? ఈ ప్రశ్నకు జవాబు దాచిపెట్టేదే డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ.

ఒక్క ఫోటోకు, ప్రాజెక్టుకు తేడా ఏంటి?

శంకుస్థాపన రోజు తీసే ఫోటో వార్త. అదే స్థలాన్ని, అక్కడి మనుషుల్ని ఏళ్ల తరబడి తీస్తూ పోతే అది ప్రాజెక్ట్. విషయం ఒక్కటే ఉండాలి, దాన్ని వదలకుండా వెంటాడాలి.

వరంగల్‌కు చెందిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ చేసింది ఇదే. బతుకమ్మ పండుగను, తెలంగాణ పల్లె జీవితాన్ని ఆయన దశాబ్దాల పాటు కెమెరాలో బంధించారు. 2022 జనవరి 31న ఆయన కన్నుమూశారు. ఆ ఫోటోలు మాత్రం మిగిలాయి.

సీనియర్ జర్నలిస్ట్ పాలగుమ్మి సాయినాథ్ పల్లెల్లో ఆడవాళ్లు చేసే చాకిరీనే సబ్జెక్టుగా తీసుకున్నారు. 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో తీసిన ఫోటోలతో ఎగ్జిబిషన్ పెట్టారు. అందరి కళ్ల ముందే జరుగుతున్నా ఎవరూ లెక్కచేయని పనిని అలా చూపించారు.

మొబైల్‌తో ఎలా మొదలుపెట్టాలి?

పెద్ద కెమెరా అక్కర్లేదు. ఈ నాలుగూ పాటిస్తే చాలు.

* ఒకే చోటు ఎంచుకోండి. ఒక గల్లీ, ఒక చెట్టు, ఒక టీ కొట్టు.. ఏదైనా సరే. నెలకోసారి అదే చోట నిలబడి, అదే యాంగిల్‌లో తీయండి.
* తేదీ, స్థలం, ఫోటోలో ఏముందో అప్పుడే రాసిపెట్టండి. వివరాలు లేని ఫోటో పదేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు.
* మనుషుల్ని తీసేముందు అడగండి. ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ పెడతారో చెప్పండి. వద్దంటే ఆపేయండి.
* ఒరిజినల్ ఫైల్ విడిగా దాచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, లొకేషన్ వివరాలూ పోతాయి.

ఇలాంటి పనులు పెద్ద తెరపై ఎలా ఉంటాయో చూడాలంటే హైదరాబాద్‌లోనే అవకాశం ఉంది. 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్‌కు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ వేదికగా నిలుస్తోంది.

కొత్త భవనాన్ని ఎప్పుడైనా ఫోటో తీయొచ్చు. కూల్చేసిన ఇంటిని మాత్రం మళ్లీ తీయలేం. బుద్వేల్‌లోనే కాదు, మీ ఊళ్లోనైనా అంతే!