కోతులకు కుడియెడమల భేదము కలదా?

మన తిరువూరు ప్రాంతపు మామిడితోటలలో కోతులు కాయలు కోయుట చూడని విద్యార్థి యుండడు. కాని యవి యే చేతితో కోయుచున్నవో యెందరు గమనించిరి? ఈ చిన్న ప్రశ్నలో పెద్ద విషయ మిమిడియున్నది.

మనుష్యులలో నూటికి సుమారు 90 మంది కుడిచేతి వాటము గలవారు. తక్కినవారిలో ననేకులను మనము పుర్రచేతివారందుము. ఏ దేశమునందైనను కుడిచేతివారే యధికులు. కోతులలో నిట్లు కాదు. నేలపై గింజ నేరుటవంటి సులభమైన పనికి కోతి తరచుగా నేది యందుబాటులో నున్న నా చేతినే చాచును. పని కష్టమైనప్పుడు మాత్రము ఒక చేతినే యెన్నుకొనును. ఒకదానికి కుడి, వేరొకదానికి ఎడమ. మైసూరు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మేవా సింగ్ గారును వారి సహచరులును మన దక్షిణదేశపు కోతులను పరిశీలించి, నేర్పు గల పని కొక చేయియు, బలము గల పనికి రెండవ చేయియు నవి వాడుచున్నవని 2014లో ప్రకటించిరి.

చింపాంజీల సంగతి చూతము. హాప్కిన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గొట్టములో వేరుసెనగ ముద్ద పూసి వాని కిచ్చెను. ఒక చేత గొట్టమును పట్టి, రెండవచేతి వ్రేలితో ముద్దను తీయవలెను. కుడివ్రేలు వాడినవే యెక్కువ. అయినను మనుష్యులలో నున్నంత యాధిక్యము లేదు. టాంజానియాలోని గోంబే యడవిలో పుల్లతో చెదపురుగులను పట్టుటకు చింపాంజీలు ఎడమచేతినే యెక్కువగా వాడునని 2005లో వెల్లడియైనది.

ఎడమచేతిని నడపునది మెదడులోని కుడిభాగము; కుడిచేతిని నడపునది ఎడమభాగము. గర్భస్థ శిశువు సహితము బొటనవ్రేలు చీకుటకు తరచుగా నొకే చేతి నెన్నుకొనును. కావున వాటము పుట్టుకతో వచ్చునదే గాని దురభ్యాసము కాదు.

ఉద్యోగపు తొలినాళ్లలో మేమొక బాలుని బలపమును ఎడమచేతినుండి కుడిచేతికి మార్చి, మాట వినలేదని దండించితిమి. వాని యక్షరములు చెడెను. బడి యన్ననే భయము పుట్టెను. అది వాని మొండితనము కాదు, మా యజ్ఞానము. ఇశ్రాయేలీయులను విడిపించుటకు దేవుడు ఎడమచేతివాడైన ఏహూదును లేపెనని న్యాయాధిపతుల గ్రంథమున చదివియుండియు మరచితిమి.

తలిదండ్రులారా, భోజనమర్యాద వేరు, కలము పట్టుట వేరు. మీ బిడ్డ యే చేత సులభముగా వ్రాయునో యా చేతనే వ్రాయనిండు.