బి.యస్సీ. చదివినవాడు పనికొస్తాడా?

మన యిళ్లలో ఇంటర్మీడియట్ బై.పి.సి.లో చేరిన ప్రతి పిల్లవాడూ కాబోయే డాక్టరే! సీటు రాలేదనుకోండి, బి.యస్సీ.లో వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చదువుతాడు. ఆ రోజు నుంచీ తల్లిదండ్రుల కంటికి వాడు సగం దారిలో ఆగిపోయిన డాక్టరు. మరి పనిలో పెట్టుకునేవారి కంటికో? యీ ప్రశ్నకు జవాబు నేను మా మైలవరం బజారులోనే వెదికాను.

మాది మామిడితోటల సీమ. పురుగుమందులు అమ్మాలంటే దుకాణదారుకు గాని, ఆయన పెట్టుకున్న మనిషికి గాని తగిన చదువు వుండాలని 2015లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. వ్యవసాయ పట్టాతోపాటు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివిన బి.యస్సీ. పట్టా కూడా అందుకు చెల్లుతుంది. పెట్టెలో మగ్గుతున్న పట్టాకు అలా బజారులో విలువ వచ్చింది.

పట్టాకు సరే, మనిషికో? మామిడి ఆకుల మీద, పూత మీద నల్లని మసి కనిపిస్తే రైతు తెగులనుకుంటాడు. నిజానికి తేనెమంచు పురుగు రసం పీల్చి జిగురు విడుస్తుంది. ఆ జిగురు మీద పెరిగిన బూజే ఆ మసి. వుత్త తెగులు మందు కొడితే పురుగు అలాగే వుంటుంది. పూత మీద తెల్లని పొడి వుంటే మాత్రం అది బూడిద తెగులు. దానికి గంధకం మందు. యీ తేడా చెప్పగలవాడు రైతు కాపు నిలబెడతాడు. ఒక్కొక్కప్పుడు, "యిప్పుడు మందు అక్కరలేదండీ" అని కూడా చెప్పవలసి వస్తుంది. ఆ మాట యజమాని గల్లాపెట్టెకు చేదే. కాని మరుసటి యేడు రైతు వెతుక్కుంటూ వచ్చేది ఆ కొట్టుకే. యిది గ్రహించిన యజమాని ఆ కుర్రవాణ్ణి వదులుకోడు. గ్రహించనివాడు సరుకు తక్కువ అమ్మాడని చిందులు తొక్కుతాడు.

యజమానుల ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. జీవుల పేర్లు లాటిన్‌లో గడగడా అప్పజెప్పి, చేతికి పని యివ్వగానే తడబడితే, చదవేస్తే వున్న మతి పోయిందనరూ? కైకలూరు వైపు రొయ్యల చెరువుల నీరు పరీక్షించే పని చూడండి. ఒక పాలు చెరువునీటికి తొమ్మిది పాళ్లు శుద్ధజలం కలిపితే పది రెట్లు పలచన. అలా మూడుసార్లు చేస్తే వెయ్యి రెట్లు. ఆ పలచని నీరు ఒక మిల్లీలీటరు పళ్లెంలో పోస్తే 45 బాక్టీరియా గుంపులు లేచాయనుకోండి, అసలు లెక్క మిల్లీలీటరుకు 45,000. ఒక్క సున్న జారితే 4,500! ఆ కాగితం నమ్ముకున్న రైతు గతేమిటి? అందుకే యజమాని కోరేది పేర్ల పట్టిక కాదు. నిలకడగల చెయ్యి, అనుమానం వస్తే "మళ్లీ పరీక్షిస్తానండీ" అనే నిజాయితీ.

యీ చదువు విలువ కనిపెట్టిన యజమానులూ లేకపోలేదు. అమెరికాలో లెడర్లీ ఔషధ సంస్థ, విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను పనిలో పెట్టుకుంది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆయన తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడయింది. అక్కడి పరిశోధనలకు అప్పుడు పెద్ద మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారే.

కనుక తల్లిదండ్రులారా, మీ అబ్బాయిని గాని, అమ్మాయిని గాని మార్కుల కాగితంతోపాటు ప్రయోగాల పుస్తకం కూడా అడగండి. అందులో తన కంటితో చూసింది రాశారా, పక్కవారిది యెత్తి రాశారా? రేపు పని యిచ్చేవారు చూడబోయేది అదే.