బాలగ్రంథ రచన, చిత్రణములు: జీవికా విచారము

బాలలకై కథలు వ్రాసి, బొమ్మలు గీసి బ్రతుకవచ్చునా యని మెట్‌పల్లి ప్రాంతపు విద్యార్థి యొకడు మమ్మడిగెను. అతనిది మగ్గమును నమ్ముకొన్న కుటుంబము. ఊసుపోక వేసిన ప్రశ్న గాదు. కావున మే మెఱిగినంతలో దీనిని విచారింతుము.

బొమ్మ చూపి కథ చెప్పుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. పద్మశాలీల కాశ్రితులైన కూనపులివారు మార్కండేయ పురాణమును పటము సాయమున వినిపించెడివారు. పటమును వ్రాసినవాడు నకాషీ. కథ చెప్పినవాడు కూనపులి. పటము వెలను కథకుడు చిత్రకారున కిచ్చెడివాడు. కథకుని పోషణమును కులము వంశక్రమాగతమైన బాధ్యతగా వహించెడిది. అనగా పని రెండు చేతులది. పోషకుడు మాత్రము నిశ్చితుడు. చేర్యాలలో పటచిత్రణము నేటికిని నిలిచియున్నది.

అచ్చు వచ్చిన పిమ్మట ఆ పోషకుని స్థానమున పత్రిక నిలిచినది. 1947 జూలైలో వెలువడిన 'చందమామ' చిత్ర, శంకర్ వంటి చిత్రకారులకు కొలువు నిచ్చినది. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు'నకు బాపు బొమ్మలు తోడైనవి. బుజ్జాయి 'డుంబు'లో కథయు బొమ్మయు నొక్క చేతివే. నేడు 'చందమామ' లేదు. అట్టి కొలువులును అరుదు.

ఇక మెట్‌పల్లి సంగతి. బాలసాహిత్యమునకు చేసిన సమగ్ర సేవకుగాను 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారము నందిన వాసాల నర్సయ్యగారు ఈ ప్రాంతమువారే. వారి జీవిక తపాలాశాఖ కొలువు. 'బాలల తాత బాపూజీ'కి 2022లో అదే పురస్కారమును గైకొన్న సిరిసిల్ల పత్తిపాక మోహన్‌గారు నేషనల్ బుక్ ట్రస్టున ఉద్యోగము చేసిరి. పురస్కారపు మొత్తము 50,000 రూపాయలు. అది గౌరవమే గాని, సంవత్సరపు గ్రాసము గాదు. ఇద్దరికిని ఉద్యోగము వృత్తి, రచన ప్రవృత్తి.

చిత్రకారుడు మఱియొక విషయము నెఱుగవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ననుసరించి, ప్రతిఫలము పుచ్చుకొని ఒకరి కోరికపై వ్రాసిన చిత్రమునకు, వేఱు ఒడంబడిక లేనిచో, కోరినవారే మొదటి హక్కుదారులు. పుస్తకము పదిసార్లు అచ్చయినను చిత్రకారునకు మొదట ముట్టిన పైకమే మిగులును. స్వతంత్రముగా వ్రాసిన కథకు మాత్రము రచయితయే హక్కుదారుడు. ఆ హక్కు అతని జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును నిలుచును. కావున ఒడంబడిక లేక కుంచె పట్టరాదు. తానే వ్రాసి, తానే గీసి, ప్రతి సిద్ధమైన పిమ్మట ప్రకాశకుని చేరువాడు రెండు హక్కులతో చేరును.

కొలువొకటి చూచుకొనుమనియు, కుంచెను మాత్రము విడువవలదనియు ఆ విద్యార్థికి చెప్పితిమి. ఈ సమాధానము మాకును తృప్తికరము గాదు. కూనపులికి కుల మెట్టిదో, నేటి బాలగ్రంథకర్తకు పాఠశాలా గ్రంథాలయ మట్టిది. అది ఏటేట పుస్తకములు కొన్ననాడు మా మాటను సంతోషముతో మార్చుకొందుము.