బండి మీద బండి

గాజువాక, కూర్మన్నపాలెం రోడ్డు మీద పెద్ద పెద్ద ట్రెయిలరు లారీలు తిరుగుతాయి. స్టీలు ప్లాంటులో తయారైన ఇనుప కడ్డీలు, తీగ చుట్టలు వాటి మీద వెళ్తాయి. అంత బరువున్న ఇనుమును కూడా గొలుసులతో బిగించి కడతారు. రేవులోనూ అంతే. యంత్రాలను ఓడలో పెట్టి ఊరుకోరు. అవి కదలకుండా కట్టాకే ఓడ బయలుదేరుతుంది.

మరి మన ఇంటి మోటారు సైకిలును వ్యానులో తీసుకెళ్ళేటప్పుడు? ఒక తాడు చుట్టి వదిలేస్తారు. "వెనక కూర్చుని పట్టుకోండమ్మా, ఏటీ అవదు" అంటారు. ఇల్లు మారేటప్పుడు తరచు జరిగేది ఇదే. మంచం, గిన్నెలు, గ్యాసు పొయ్యి, వాటి మధ్యలో బండి. బండిని పట్టుకుని ఇంటావిడ. ఆమె పక్కన పిల్లలు.

ఇది చాలా ప్రమాదం. ఎందుకో చూడండి.

మామూలు మోటారు సైకిలు బరువు సుమారు 110 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగింటి కన్నా ఎక్కువే. బస్సు గబుక్కున ఆగితే మనం ముందుకు తూలుతాం కదా! వ్యాను ఆగినప్పుడు బండీ అలాగే తూలుతుంది. మలుపులో పక్కకు పడుతుంది. ఆ బరువును చేతులు ఆపలేవు. బండి మనిషి మీదే పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనిషికి దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీం కోర్టు 2002లో చెప్పింది. సామాను సొంతదారుకు మాత్రం చట్టంలో చోటుంది. ఆ చోటు డ్రైవరు ఉండే క్యాబిన్‌లోనే అని 2007లో అదే కోర్టు చెప్పింది.  కాబట్టి వెనక కూర్చోమంటే కూర్చోవద్దు. "క్యాబిన్‌లో చోటు లేకపోతే బస్సులో వస్తాం" అనండి.

బండిని పట్టుకోవలసింది తాళ్ళు. అదెలాగో తెలుసుకుందాం.

ముందు ఎక్కించడం. వ్యానును ఏదైనా గట్టు పక్కన ఆపితే ఎత్తు తగ్గుతుంది. గట్టు లేకపోతే పొడవైన మందపాటి చెక్క వేయాలి. చెక్క పై కొన జారకుండా వ్యానుకు కట్టాలి. ఇంజను ఆపి, ముగ్గురు కలిసి తోయాలి. ఒకరు హ్యాండిలు, ముందు బ్రేకు పట్టుకోవాలి. మిగతా ఇద్దరూ బండికి చెరో పక్క ఉండాలి. సరిగ్గా బండి వెనక ఎవరూ నిలబడకూడదు. జారితే వాళ్ళ మీదికే వస్తుంది. సాయం పట్టే ఆడవాళ్ళు కొంగు నడుముకు బిగించుకోవాలి.

ముందు చక్రం క్యాబిన్ వెనక గోడకు ఆనాలి. హ్యాండిలు తిన్నగా ఉండాలి. గేరు వేసి ఉంచాలి. సైడు స్టాండు మీద వాల్చి కట్టడం చాలామందికి అలవాటు. అది మంచిది కాదు. గోతుల్లో కుదుపులకు స్టాండు వంగిపోవచ్చు, తాడు వదులైపోవచ్చు. స్టాండు తీసి, రెండు చక్రాల మీద నిటారుగా నిలబెట్టాలి.

తాళ్ళు నాలుగు కావాలి. ముందు రెండు, వెనక రెండు. ముందు తాళ్ళను హ్యాండిలు కింద, ఫోర్కు దగ్గర వేయాలి. ఒకటి కుడి పక్కకు, ఒకటి ఎడమ పక్కకు, కిందికీ ముందుకూ లాగి వ్యాను కొక్కేలకు కట్టాలి. ముందు స్ప్రింగులు కొంచెం దిగేదాకా బిగించాలి. వెనక తాళ్ళను సీటు కింద ఉండే ఇనుప చట్రానికి కట్టాలి. అద్దాలకు, లైట్లకు, సైలెన్సరుకు కట్టకూడదు. తాడు ఒరుసుకునే చోట పాత గుడ్డ చుడితే రంగు పోదు, తాడూ తెగదు. బిగించే పట్టీలు దొరికితే తాళ్ళ కన్నా మేలు.

పెట్రోలు కుళాయి ఉంటే కట్టేయాలి. గ్యాసు సిలిండరును ఆ బండి పక్కన పెట్టనివ్వకండి.

కొత్తగా కట్టిన తాడు కొంత దూరం పోయాక వదులవుతుంది. గాజువాక నుంచి శ్రీకాకుళం వైపు వెళ్తుంటే, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దాటాక పక్కకు ఆపించి చూడండి. వదులైతే మళ్ళీ బిగించమనండి. డ్రైవరు విసుక్కున్నా ఫరవాలేదు.

దించేటప్పుడు తొందర పడతారు. దెబ్బలు అప్పుడూ తగులుతాయి. ఇద్దరు బండిని పట్టుకున్నాకే మొదటి తాడు విప్పాలి.