వెబ్ చట్రాలు - విశ్వసనీయత

గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారుడు టిక్కీ పైన కనిపించే నాలుగు కాయలను చూచి ధర నిర్ణయించడు. లోపలికి చేయి పోనిచ్చి, అడుగున ఉన్న కాయను తీసి, దాని తేమను, రంగును పరీక్షిస్తాడు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ అనే జాతీయ వ్యవసాయ విపణిలో ఈ యార్డు కూడా చేరింది. ఆ విధానంలో వర్తకులు సరుకు ధరను కంప్యూటరు ద్వారా నమోదు చేస్తారు. బేరం జరిగే వేళ అటువంటి వ్యవస్థ స్తంభిస్తే, రైతు సరుకుతో యార్డులోనే పడిగాపులు పడవలసి వస్తుంది. కనుక ఇటువంటి వ్యవస్థల నిర్మాణానికి తోడ్పడే సాధనాలను కూడా పైపై మెరుపులు చూచి నమ్మరాదు.

వెబ్‌సైటును నిర్మించేవారు ప్రతి పనినీ మొదటినుండి చేయనక్కరలేదు. వినియోగదారుని గుర్తించుట, సమాచారాన్ని భద్రపరచుట, పుటలను కూర్చుట వంటి పనులకై ముందే సిద్ధపరచిన ప్రోగ్రాముల సముదాయాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. దీనిని తెలుగులో చట్రం అనవచ్చు. జావా భాషలో స్ట్రట్స్, పైథాన్‌లో జాంగో, రూబీలో రెయిల్స్, పీహెచ్‌పీలో లారావెల్ ప్రసిద్ధమైనవి.

వీటిని పోల్చేవారు తరచుగా వేగాన్నే లెక్కిస్తారు. రెయిల్స్‌పై ఆరంభమైన ట్విట్టర్, వినియోగదారులు పెరిగిన కొద్దీ పలుమార్లు మొరాయించింది. 2011లో ఆ సంస్థ తన శోధన విభాగాన్ని జావాకు మార్చుకొన్నది. ఆ కారణంగా రెయిల్స్ నమ్మదగినది కాదనుట తొందరపాటే. గిట్‌హబ్, షాపిఫై వంటి మహాసంస్థలు దానిపైననే ఎదిగినవి.

అసలు పరీక్ష లోపం బయటపడినప్పుడు ఎదురవుతుంది. 2017 మార్చిలో స్ట్రట్స్‌లో ఒక పెద్ద లోపం వెల్లడి అయినది. ఫైలును పంపే సందేశపు శీర్షికలో ఎవరైనా దుష్ట ఆజ్ఞలను దాచి పంపితే, సర్వరు వాటిని అమలు చేసేది! నిర్మాతలు వెంటనే సవరణను విడుదల చేశారు. అమెరికాలోని ఈక్విఫాక్స్ అనే సంస్థ మాత్రం తన ఫిర్యాదుల సైటులో ఆ సవరణను అమర్చలేదు. మే నెలలో దుండగులు ఆ ద్వారం గుండానే ప్రవేశించారు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వ్యక్తిగత వివరాలు పరుల పాలైనవి. ఈ అనర్థంలో చట్రపు దోషమెంత, అలసత్వపు దోషమెంత? మందు చేతిలో ఉండియు పైరుపై చల్లని వాని వంతే అధికమని చెప్పవలసి ఉంటుంది.

2005లో వెలువడిన జాంగో ఈ విషయంలో కొంత మేలు. వినియోగదారుడు వ్రాసిన దానిలో ఆజ్ఞలు దాగి ఉన్నా, పుటలో వాటిని కేవలం అక్షరాలుగానే చూపుట దాని సహజ లక్షణం. నిర్మాత మరచినా చట్రం మరువదు. పైగా దాని దీర్ఘకాలిక కూర్పులకు మూడేండ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి. గడువు ముందే ప్రకటితమవుతుంది.

గూగుల్ సంస్థ ఆంగులర్‌జేఎస్ కథ వేరు. 2016లో దానికి వారసునిగా వచ్చిన ఆంగులర్ పూర్తిగా కొత్త నిర్మాణం. పాత సైట్లను చాలవరకు తిరిగి వ్రాసుకొనవలసి వచ్చింది. 2021 డిసెంబరు 31తో పాతదానికి మద్దతు ముగిసింది. ఆ పిమ్మట బయటపడే లోపాలకు గూగుల్ సవరణలు ఇవ్వదు. దానిపై కట్టిన సైట్లు ఇంకను కొన్ని నడుస్తూనే ఉన్నవి.