చిగురు ముడిచే దుమ్ము రెక్కల పురుగు

వానలు పడినాక మన గ్రూపుకి వచ్చే ఫోటోలన్నీ ఒకే రకం. ముడుచుకుపోయిన మల్బరీ చిగురు, కింద "అన్నా, ఇది తుక్రానా?" అని ప్రశ్న. చాలాసార్లు కాదు. అది ఆకుముడత పురుగు.

చిగురు విప్పి చూడండి. తుక్రా అయితే ఆకు మందంగా, నల్లపచ్చగా గిడసబారి, సందుల్లో తెల్లటి పిండినల్లి ఉంటుంది. ఆకులు సన్నటి దారాలతో అంటుకొని, లోపల నల్లటి పెంట, తాకితే చటుక్కున మెలితిరిగే పచ్చ పురుగు కనిపిస్తే ఇదే. ఇదీ దారం తీసేదే, కానీ మన చాకీ ఆకును కట్టేసుకోవడానికి!

దాని రెక్కల పురుగును మనం చూసినా పట్టించుకోం. రెక్కలు చాచినా రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ, మాసిన గోధుమ రంగు. 1896లో హాంప్సన్ పెట్టిన పేరు పుల్వెరులెంటాలిస్, లాటిన్‌లో దుమ్ము పట్టినది అని. సరిగ్గా కుదిరింది. కర్ణాటకలో 1995 ప్రాంతం నుంచి పెద్ద చీడగా మారి, ఆంధ్ర, తమిళనాడు తోటలకూ పాకింది. దీని దాయాది పైలోయాలిస్ కాశ్మీరు, చైనా, జపాను, ఇరాన్ మల్బరీ మీద ఉంది.

జూన్‌లో మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరులో, అంటే ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో ఉధృతం. గుడ్లు లేత ఆకు మీద పెడుతుంది, ప్యూపా రాలిన ఎండుటాకుల్లో, మట్టిలో ఉంటుంది. అందుకే కొమ్మ కోసినాక లోతుగా దున్ని, నీళ్ళు నిండుగా పారించాలి.

ఇక మందు సంగతి. మేము చూసిన ఒక షెడ్డులో నాలుగో జ్వరం లేచిన పురుగులు ఒక్క మేతతో పోయినాయి. పక్క తోటలో కొట్టిన మందు గాలికి వచ్చి ఆకు మీద పడింది, అంతే. చాలామంది కొట్టే నువాన్ మందు డైక్లోర్‌వాస్‌ను కేంద్రం 2020 డిసెంబరు 31తో నిషేధించింది. అంగట్లో ఎవరైనా పాత స్టాకు అంటగడితే తీసుకోవద్దు.

తొలి పది చిగుర్లు కనిపించినప్పుడే తుంచి, లీటరుకు 5 గ్రాముల సబ్బు కలిపిన నీళ్ళలో ముంచండి. గట్టు మీద పారేస్తే పురుగు మళ్ళీ తోటలోకే వస్తుంది. గుడ్లను తినే ట్రైకోగ్రామా కార్డులు కావాలంటే టీఎస్‌సీలో ముందే చెప్పి పెట్టుకోండి. కార్డులు కట్టిన తోటలో మందు కొడితే అవీ చస్తాయి. పక్క తోట వాళ్ళకీ ఒక మాట చెప్పి, ఒకే వారంలో కట్టండి.